పుస్తకమూ, అప్పగింతా

(‘తెలిసినంతలో’ శీర్షిక)



ఈసారి విషయాన్ని నేను వెతుక్కోలేదు, ఒక ఉత్తరం తెచ్చిపెట్టింది. కోలారు ప్రాంతం నుంచి మన సభ్యులొకరు రాశారు. వారిది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. కొడుకు ఒక కాథలిక్ అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. కోడలు మంచిది, ఇంట్లో కలిసిపోయింది. కిందటేడు ఆ పెద్దాయన భార్య కాలం చేసింది. ఇప్పుడు ఏడాది నిండుతోంది. అత్తగారి ఆత్మ కోసం గుడిలో పూజ చెప్పిస్తానని కోడలు అడుగుతోంది. “చనిపోయినవారి కోసం ప్రార్థించమని బైబిలులో ఎక్కడుందమ్మా?” అని ఈయన అడిగితే, “మా బైబిలులో ఉంది మామయ్యా” అని ఆ అమ్మాయి తన పుస్తకం తెచ్చి చూపించింది. ఆమె చూపించిన భాగమే ఈయన బైబిలులో లేదు! ఆ మాట చెబితే, “ఉన్నా లేకపోయినా మాకు మొదటినుంచీ వస్తున్నదే కదా” అందట. “పుస్తకంలో లేనిది చెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. వద్దంటే పిల్ల నొచ్చుకుంటుంది. ఈ సంగతేమిటో కాస్త వివరంగా రాయండి” అని ముగించారు.

నేను క్రైస్తవుణ్ణి కాను. చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. అయితే రెండు పక్షాల కాగితాలూ చూడకుండా సంతకం పెట్టకూడదన్న అలవాటు మాత్రం ఉద్యోగం నేర్పింది. ఆ అలవాటుతోనే రెండు వైపులవీ చదివి, తెలిసినంతలో రాస్తున్నాను.

అప్పగించడం అంటే

సంప్రదాయం అనగానే మనకు గుమ్మానికి మామిడాకులు, పండగ పిండివంటలు గుర్తుకొస్తాయి. కాథలిక్కులు ‘పవిత్ర సంప్రదాయం’ అనేది దాన్ని కాదు. లాటిన్‌లో వారి మాట ‘ట్రడీషియో’. దానికి మూలార్థం ‘అప్పగించడం’. మా బ్యాంకుల్లో మేనేజరు బదిలీ మీద వెళ్ళేటప్పుడు కొత్తగా వచ్చినవారికి ఛార్జి అప్పగిస్తారు. నగదు లెక్కపెట్టి, తాళాలు చేతికిచ్చి, దస్తావేజులు చూపించి ఇద్దరూ సంతకాలు చేస్తారు. అప్పగించేవారు తమ సొంతం ఏదీ కలపకూడదు, ఉన్నది తగ్గించకూడదు. ఎందుకంటే అది బ్యాంకు సొత్తు గాని వారి సొత్తు కాదు. ‘ట్రడీషియో’లోని మొదటి భావం ఇదే.

ఏసుక్రీస్తు తాను ఒక్క పుస్తకమూ రాయలేదు. శిష్యులను వెళ్ళి బోధించమన్నాడు. ఆయనను సిలువ వేసింది క్రీ.శ. 30 ప్రాంతంలో. కొత్త నిబంధనలో అన్నిటికంటే పాతదని ఎక్కువమంది పండితులు చెప్పేది పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరం. అది క్రీ.శ. 50 ప్రాంతానిది. నాలుగు సువార్తల్లో పాతదైన మార్కు సువార్త ఇంకో ఇరవై ఏళ్ళకు గాని రాలేదు. అంటే మొదటి ఇరవై ఏళ్ళూ కొత్త నిబంధన అనే దానిలో ఒక్క పంక్తి కూడా లేదు. చదువుకోవడానికి యూదుల పాత గ్రంథాలున్నాయి. క్రీస్తును గురించి మాత్రం విన్నదే, చూసిందే. అయినా బాప్తిస్మం ఇచ్చారు, రొట్టె విరిచారు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారూ ఉన్నారు.

పౌలు కొరింథువారికి రాస్తూ, ప్రభువు భోజనం సంగతినీ, పునరుత్థానం సంగతినీ తాను అందుకున్నదే అందిస్తున్నానని రెండు చోట్ల చెబుతాడు. థెస్సలొనీకయులకు రాసిన రెండో ఉత్తరంలో నోటితో నేర్పిందీ, ఉత్తరంతో నేర్పిందీ రెండూ గట్టిగా పట్టుకోమంటాడు. కాథలిక్కులు తమ వాదానికి మొదట చూపించే ఆధారాలు ఇవే. అప్పగింత గురించి పుస్తకమే చెబుతోంది కదా అంటారు.

నోటిమాట అంటే చెవిలో చెప్పే రహస్యం అనుకునేరు. అలాంటి వాదన రెండో శతాబ్దంలోనే వచ్చింది. నోస్టిక్కులనే వర్గాలవారు, క్రీస్తు కొందరికే రహస్యంగా చెప్పిన జ్ఞానం తమ దగ్గర ఉందన్నారు. దానికి జవాబుగా లియాన్ పట్టణపు మేత్రాణి ఇరేనియస్ క్రీ.శ. 180 ప్రాంతంలో పెద్ద గ్రంథమే రాశాడు. ఆయన చిన్నతనంలో స్ముర్న పట్టణంలో పాలికార్పు బోధ విన్నవాడు. పాలికార్పు యోహానును ఎరిగినవాడని ఆయనే చెబుతాడు. అంటే మధ్యలో ఒక్క మనిషే. అపొస్తలుల అప్పగింత అందరికీ తెలిసేలా ఊరూరా సంఘాల్లో జరిగిందని, ఎవరి తరువాత ఎవరు పీఠం మీద కూర్చున్నారో లెక్క చూసుకోవచ్చునని ఇరేనియస్ వాదించాడు. కాగితం, సిరా ఎరగని జాతులు కూడా అదే విశ్వాసాన్ని గుండెల్లో పెట్టుకుని కాపాడుతున్నాయని కూడా రాశాడు. అక్షరం రాకపోయినా తెలుగు పోగొట్టుకోని కుటుంబాలు మన మధ్య ఉన్నాయి గనుక ఆ మాట మనకు సులువుగానే అర్థమవుతుంది.

సంతకం అసలుదేనా?

ఇక పుస్తకం సంగతి. చెక్కు మీద సంతకం అసలుదో కాదో ఆ చెక్కు ఒక్కటే చూసి చెప్పలేం. బ్రాంచిలో దాచిన స్పెసిమెన్ సంతకంతో పోల్చి చూడాలి. ఆ రోజుల్లో పేతురు పేరుతో ఒక సువార్త, తోమా పేరుతో ఒక సువార్త, ఇంకా ఎన్నో తిరుగుతుండేవి. క్రీ.శ. 200 ప్రాంతంలో అంతియొకయ మేత్రాణి సెరాపియన్‌కు ఇదే సమస్య వచ్చింది. రోసస్ అనే ఊళ్ళో పేతురు సువార్త చదువుకుంటామంటే మొదట సరేనన్నాడు. తరువాత తెప్పించుకుని చదివి, చాలావరకు సరిగానే ఉన్నా కొన్ని మాటలు తమకు అందిన విశ్వాసానికి పొసగడం లేదని పక్కన పెట్టించాడు. పేతురు సంతకం ఉంది, కాని స్పెసిమెన్‌తో సరిపోలేదు. ఆ స్పెసిమెన్ ఏమిటి? అప్పటివరకు అప్పగింతగా వచ్చిన విశ్వాసమే.

ఈ రకంగా వడపోత రెండు మూడు శతాబ్దాలు సాగింది. ఇప్పుడు క్రైస్తవులందరూ ఒప్పుకునే కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా అచ్చంగా మనకు మొదట కనిపించేది అలెగ్జాండ్రియా మేత్రాణి అథనేషియస్ క్రీ.శ. 367లో రాసిన పండగ లేఖలో. ఆఫ్రికాలో హిప్పో (393), కార్తేజి (397) సభలు కూడా జాబితాలు ఖరారు చేశాయి. బైబిలులో ఏయే పుస్తకాలు ఉండాలో చెప్పే విషయసూచిక బైబిలు లోపల ఏ అధ్యాయంలోనూ లేదు. “ఆ జాబితా సంఘం చేతి మీదుగా వచ్చిందే కదా, పుస్తకాన్ని ఒప్పుకుని అప్పగింతను ఎలా కాదంటారు?” అని కాథలిక్కుల ప్రశ్న.

ప్రొటెస్టెంట్ల జవాబూ వినాలి. సంతకం సరిచూసిన గుమాస్తా ఖాతాకు యజమాని అయిపోడు. సంఘం ఆ పుస్తకాలను గుర్తుపట్టింది అంతే, వాటికి అధికారం ఇచ్చింది దేవుడు అంటారు వారు. తమాషా ఏమిటంటే ఈ మాటను కాథలిక్కులూ కాదనరు. 1870లో మొదటి వాటికన్ మహాసభ, సంఘం ఆమోదించింది గనుక అవి పవిత్రమైనవి కావనీ, దైవప్రేరణతో రాయబడ్డాయి గనుకనే పవిత్రమైనవనీ స్పష్టంగా ప్రకటించింది. తగాదా అసలు వేరే చోట ఉంది.

లూథరు ప్రశ్న, ట్రెంటు జవాబు

1521లో వర్మ్స్ నగరంలో చక్రవర్తి ఎదుట నిలబడి మార్టిన్ లూథరు, పవిత్ర గ్రంథం నుంచి గాని, స్పష్టమైన హేతువు నుంచి గాని తన తప్పు చూపిస్తేనే మాట వెనక్కు తీసుకుంటానన్నాడు. పోపులూ, మహాసభలూ పొరపాట్లు చేశారని ఆయన అభియోగం. పాపక్షమ పత్రాల పేరిట డబ్బు వసూళ్ళు జరుగుతున్న రోజులవి. ఇది గ్రంథంలో ఎక్కడుందని అడగడానికి కారణం లేకపోలేదు. అయితే ఆయన అనుచరులు పాతవాటినన్నిటినీ తీసి పారెయ్యలేదు. రక్షణకు అవసరమని గ్రంథంలో లేనిదాన్ని మనుషుల మీద రుద్దకూడదన్నదే వారి పట్టు.

పాత నిబంధనలో తోబీతు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు అనే ఏడు పుస్తకాలున్నాయి. ఇవి యూదుల గ్రీకు అనువాదంలో ఉన్నాయి గాని హీబ్రూ జాబితాలో లేవు. నాలుగో శతాబ్దంలోనే వీటి మీద జెరోముకు సందేహం, అగస్తీనుకు నమ్మకం. లూథరు తన 1534 నాటి జర్మన్ బైబిలులో వీటిని రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడు. చదువుకోవడానికి మంచివే గాని మిగతావాటితో సమానం కాదన్నాడు. 1611లో ఇంగ్లీషువారి కింగ్ జేమ్స్ బైబిలు కూడా అలాగే అచ్చయింది. 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వీటి ముద్రణకు డబ్బివ్వరాదని తీర్మానించాక, ప్రపంచమంతటా ప్రొటెస్టెంట్ బైబిళ్ళలో ఇవి దాదాపు కనిపించకుండా పోయాయి. పెద్దాయన బైబిలులో 66 పుస్తకాలు, కోడలి బైబిలులో 73 ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా.

రోము తరఫు జవాబు ట్రెంటు మహాసభలో వచ్చింది. 1546 ఏప్రిల్ 8న ఆ సభ 73 పుస్తకాల జాబితాను ఖాయం చేసి, సువార్త సత్యం రాసిన పుస్తకాల్లోనూ, రాయని అప్పగింతల్లోనూ ఉందనీ, రెంటినీ సమానమైన భక్తితో స్వీకరిస్తున్నామనీ తీర్మానించింది. ఈ వాక్యం ముసాయిదాలో మొదట ‘కొంత ఇందులో, కొంత అందులో’ అని ఉండేది. కొందరు అభ్యంతరం చెప్పారు. చివరి పాఠంలో ఆ ‘కొంత – కొంత’ పోయి, ‘ఇందులోనూ, అందులోనూ’ అని వచ్చింది. ఎందుకు మార్చారో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ చిన్న మార్పులో ఏముందంటారా? మా బ్యాంకు పరీక్షలకు చదివే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఉంది. చెక్కులకు ఆ చట్టం వర్తిస్తుంది. దేశభాషల్లో రాసుకునే హుండీల విషయంలో మాత్రం స్థానిక వాడుకకు భంగం లేదని మొదటి సెక్షనే అంటుంది. చెక్కుకు చట్టం, హుండీకి వాడుక. కొంత ఇందులో, కొంత అందులో. ట్రెంటు తరువాత నాలుగు వందల ఏళ్ళు చాలామంది కాథలిక్ పండితులు తమ సిద్ధాంతాన్ని ఇలాగే అర్థం చేసుకున్నారు. బైబిలులో సగం సత్యాలు, బయట సగం సత్యాలు ఉన్నట్టు. ప్రొటెస్టెంట్లు కూడా అదే కాథలిక్ బోధ అనుకుని దాన్నే ఖండిస్తూ వచ్చారు.

105 ఓట్లు తక్కువ

1962లో రెండో వాటికన్ మహాసభ మొదలైంది. దేవుడు తనను తాను మనిషికి తెలియజేసుకోవడాన్ని ‘దైవావిష్కరణ’ అంటారు. సిద్ధాంత సంఘం తయారు చేసిన ముసాయిదాకు ‘దైవావిష్కరణకు ఆధారాలు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆధారాలు అని బహువచనం, అంటే రెండు. నవంబరులో దీని మీద చర్చ వేడెక్కింది. కొలోన్ కార్డినల్ ఫ్రింగ్స్ వంటివారు ఒప్పుకోమన్నారు. ఆయనకు సలహాదారుగా వచ్చిన 35 ఏళ్ళ జర్మన్ పండితుడు జోసఫ్ రాట్జింగర్. తరువాత 2005 నుంచి 2013 వరకు పదహారో బెనెడిక్టు పేరుతో పోపుగా ఉన్నది ఆయనే. గ్రంథమూ, సంప్రదాయమూ మనం తెలుసుకోవడానికి దారులే గాని, అసలు ఊట మాత్రం దేవుడు తనను తాను తెలియజేసుకోవడమే, అది ఒక్కటే అన్నది వారి వాదన.

నవంబరు 20న ఓటింగు పెట్టారు. ముసాయిదా మీద చర్చ ఆపెయ్యాలా అన్నది ప్రశ్న. ఆపమన్నవారు 1368 మంది, సాగించమన్నవారు 822 మంది. మూడింట రెండు వంతుల మెజారిటీకి 1473 కావాలి. 105 తక్కువ. లెక్క ప్రకారం, ఎక్కువమంది వద్దన్న ముసాయిదాయే నిలిచింది. మర్నాడు పోపు ఇరవై మూడో జాన్ కలుగజేసుకుని ముసాయిదాను వెనక్కు తీయించారు. పాత పక్షానికి పెద్దయిన కార్డినల్ ఒత్తవియానీ, బైబిలు పండితుడైన కార్డినల్ బెయా ఇద్దరూ అధ్యక్షులుగా ఉమ్మడి సంఘం వేసి, తిరగరాయమన్నారు.

ఆ తిరగరాత మూడేళ్ళు పట్టింది. 1965 నవంబరు 18న ‘దేయి వెర్బుమ్’ (దేవుని వాక్కు అని అర్థం) అనే ప్రకటనకు 2344 మంది అవునన్నారు, ఆరుగురు కాదన్నారు. మూడేళ్ళ కిందట రెండుగా చీలిన సభే ఇది.

దానిలో చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. గ్రంథమూ, సంప్రదాయమూ ఒకే దైవపు ఊట నుంచి పుట్టి, ఒకదానిలో ఒకటి కలిసి, ఒకే గమ్యానికి సాగుతాయి. గ్రంథం దైవప్రేరణతో రాతలో పెట్టిన దేవుని వాక్కు. సంప్రదాయం ఆ వాక్కును అపొస్తలుల నుంచి తరతరాలకు చెడకుండా అందించే జీవనది. తనకు ఆవిష్కృతమైన వాటన్నిటి గురించిన నిశ్చయాన్ని శ్రీసభ గ్రంథం ఒక్కదాని నుంచే పొందదు. అందుకే రెంటికీ సమాన గౌరవం. ఈ నిధికి అధికారికంగా అర్థం చెప్పే పని పోపుతో కూడిన మేత్రాణులది. అయితే వారు వాక్కు పైన లేరు, వాక్కుకు సేవకులు. అప్పగించిందే బోధించాలి. చివరి అపొస్తలుడితో బహిరంగ దైవావిష్కరణ ముగిసింది. పోపుగారు కూడా దానికి కొత్తగా ఒక్క అంశం కలపలేరు.

ఇంకొకటి కూడా ఆ ప్రకటన చేసింది. గ్రంథం ఎరగకపోతే క్రీస్తును ఎరగనట్టేనన్న జెరోము మాటను గుర్తుచేసి, విశ్వాసులందరికీ బైబిలు చేతికందాలని కోరింది. కాథలిక్కులు బైబిలు చదవరన్న పాత అపవాదు ఆ తరువాత చాలావరకు తగ్గింది. 2019లో పోపు ఫ్రాన్సిస్ ఏడాదిలో ఒక ఆదివారాన్ని ప్రత్యేకంగా దేవుని వాక్కుకే కేటాయించారు.

మన పాఠకుల్లో కొందరికి ఇక్కడ శ్రుతి, స్మృతి గుర్తుకు వస్తాయి. పోలిక కొంతవరకే. కాథలిక్కులకు దైవావిష్కరణకు కేంద్రం పుస్తకమూ కాదు, శబ్దమూ కాదు. క్రీస్తు అనే వ్యక్తి. పుస్తకమూ, అప్పగింతా రెండూ ఆయన గురించే.

ఏది సంప్రదాయం, ఏది అలవాటు?

పాతదల్లా పవిత్ర సంప్రదాయం కాదు. ఈ తేడా తెలియకనే సగం వాదాలు వస్తాయి. లాటిన్‌లో పూజ చెప్పడం వందల ఏళ్ళ అలవాటు. 1963లో మహాసభ దేశభాషలకు తలుపు తీసింది. గురువులు పెళ్ళి చేసుకోకూడదన్నది లాటిన్ రీతి సభలో నియమం. ఉక్రెయిన్, లెబనాన్ దేశాల తూర్పు రీతి కాథలిక్కుల్లో పెళ్ళయిన గురువులున్నారు. మన దేశపు పూజలో చెప్పులు విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి ఇవ్వడం వంటి 12 మార్పులను 1969 ఏప్రిల్ 25న రోము అనుమతించింది. ఇవన్నీ చిన్న ‘సంప్రదాయాలు’. కాలాన్నీ, చోటునూ బట్టి మారతాయి.

మద్రాసులో ఉన్న మనవారికి శాంతోమ్ తెలుసు. తోమా అపొస్తలుడు క్రీ.శ. 52లో మన దేశానికి వచ్చాడనీ, మైలాపూరులో ప్రాణమిచ్చాడనీ అక్కడి క్రైస్తవుల పరంపర. చాలా పాతది, గౌరవించదగ్గది. అయినా అది చరిత్రకు సంబంధించిన పరంపరే గాని, తప్పక నమ్మి తీరవలసిన విశ్వాసాంశం కాదు. ఫిబ్రవరిలో గుణదల కొండకు లక్షల మంది వెళతారు. ఆ పండగకు మూలమైన 1858 నాటి లూర్దు దర్శనాన్ని శ్రీసభ ఆమోదించింది. కాని దాన్ని కూడా వ్యక్తిగత దర్శనాల కింద లెక్కవేస్తుందే తప్ప అపొస్తలుల అప్పగింతలో కలపదు.

ఆడిటరు ఎవరు?

ఇంతవరకు బాగానే ఉంది. ప్రొటెస్టెంట్ల అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. మనుషుల పారంపర్యం కోసం దేవుని ఆజ్ఞను పక్కన పెడుతున్నారని ఏసే పరిసయ్యులను మందలించాడు. మార్కు ఏడో అధ్యాయంలో ఉంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మతాలకూ వర్తిస్తుంది. వంశపారంపర్యంగా వచ్చినంత మాత్రాన వచ్చిందంతా స్వచ్ఛమైనదేనా? స్వచ్ఛమైనదో కాదో తేల్చేది ఆ సభ పెద్దలే అయితే, బ్రాంచి మేనేజరే తన బ్రాంచికి ఆడిటరు అయినట్టు కాదా?

వారు దీనికి చూపే ఉదాహరణ 1950 నవంబరు 1న పోపు పన్నెండో పయస్ చేసిన ప్రకటన. మరియమాత దేహంతో సహా మోక్షానికి తీసుకోబడిందన్నది విశ్వాసాంశమని ఆయన ప్రకటించారు. మన స్వాతంత్ర్య దినమైన ఆగస్టు 15నే కాథలిక్కులకు ఆ పండగ. ఈ సంగతిని వర్ణించే ఘట్టం బైబిలులో లేదు. కాథలిక్కుల జవాబేమిటంటే, తూర్పు దేశాల్లో ఆరో శతాబ్దం నుంచే ఆ పండగ ఉంది. 1946లో ప్రపంచంలోని మేత్రాణులందరినీ పోపు ఉత్తరం రాసి అడిగితే దాదాపు అందరూ అవునన్నారు. కనుక ఇది కొత్తగా కలిపింది కాదు, ఉన్నదే స్పష్టంగా పలికింది. ఆంగ్లికన్ గురువుగా ఉండి కాథలిక్కు అయిన జాన్ హెన్రీ న్యూమన్ 1845లో రాసిన గ్రంథం ఈ ఎదుగుదల గురించే. 2019లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. విత్తనం చెట్టయినట్టు అని వారంటారు. ఆ విత్తనం గ్రంథంలో కనిపించడం లేదని వీరంటారు. ఇది ఇప్పటికీ తెగలేదు.

ఈ ప్రశ్న మహాసభ లోపల కూడా వినిపించింది. 1964 సెప్టెంబరులో చికాగో కార్డినల్ మేయర్ లేచి, సంఘంలో నడిచే పరంపర ఒక్కోసారి దారి తప్పుతుంది, దాన్ని సరిదిద్దే కొలబద్ద గ్రంథమేనని పాఠంలో రాయాలని కోరారు. రాయలేదు. అలా వదిలెయ్యడం విచారకరమని రాట్జింగర్ తరువాత తన వ్యాఖ్యానంలో రాశారు. రెండో పక్షం కూడా తన పాత పట్టును కొంత సడలించింది. 1963లో మాంట్రియల్‌లో ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సభలవారు కూడి, సువార్త అప్పగింత అనే అసలు సంప్రదాయం లేకుండా గ్రంథమైనా మన చేతికి రాలేదని ఒప్పుకున్నారు. క్రీస్తు తండ్రితో ఏకస్వభావం గలవాడని 325లో నైసియా సభ చెప్పిన మాట బైబిలులో ఆ రూపంలో ఎక్కడా లేదు. 2025లో ఆ సభకు 1700 ఏళ్ళు నిండాయి. లూథరన్లూ, ఆంగ్లికన్లూ, కాథలిక్కులూ ఆ నైసియా ప్రమాణాన్నే పలుకుతారు.

ఉత్తరానికి జవాబు

ఇప్పుడు పెద్దాయన ఉత్తరం దగ్గరకు వస్తాను.

అయ్యా, మీ కోడలు చూపించింది మక్కబీయుల రెండో గ్రంథం, పన్నెండో అధ్యాయం అయి ఉండాలి. యుద్ధంలో పడిపోయిన తన సైనికుల పాపాల కోసం యూదా మక్కబీయుడు చందా పోగుచేసి, యెరూషలేములో బలి అర్పించమని పంపాడు. గ్రీకు మూలంలో ఆ మొత్తం రెండు వేల ద్రాక్మాలు, పాత లాటిన్ బైబిలులో పన్నెండు వేలు. మనకు అంకెలు సరిచూడడం అలవాటు గనుక రాశాను. అంకె ఏదైనా అసలు సంగతి ఒక్కటే. క్రీస్తుకు ముందే కొందరు యూదులు పోయినవారి కోసం ప్రార్థించారు.

కాని ఆ అమ్మాయి రెండోసారి అన్న మాటే అసలు కాథలిక్ బోధకు దగ్గరిది. వారు పోయినవారి కోసం ప్రార్థించడం ఆ ఒక్క అధ్యాయం చదివి మొదలుపెట్టింది కాదు. మొదటి శతాబ్దాల సమాధి రాళ్ళ మీద ఆ ప్రార్థనలున్నాయి. క్రీ.శ. 387లో రోము దగ్గర ఓస్తియా రేవులో మోనికమ్మ చనిపోతూ, తన శరీరాన్ని ఎక్కడ పాతిపెట్టినా ఫరవాలేదు, దేవుని బలిపీఠం దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అని కొడుకులను కోరింది. ఆ కొడుకుల్లో ఒకరే అగస్తీను. ఆయన రాసిపెట్టబట్టి మనకు తెలిసింది. మీ కోడలు అడుగుతున్నదీ అదే. ఆమె దీన్ని కొత్తగా పుట్టించలేదు. తనకు అందినదాన్ని మీ ఇంటి మనిషికి కూడా ఇవ్వాలని చూస్తోంది. వారి 1983 నాటి సభా చట్టం 901వ నిబంధన ప్రకారం, బతికున్నవారైనా పోయినవారైనా ఎవరి కోసమైనా గురువు పూజ అర్పించవచ్చు. బాప్టిస్టు గనుక కుదరదన్న అడ్డు లేదు.

మీరు దాన్ని ఒప్పుకోవాలని నేననను. మీ విశ్వాసం ప్రకారం మీ భార్య క్రీస్తు చేతుల్లో క్షేమంగా ఉంది, ఇంక మన ప్రార్థన చేయవలసిందేమీ మిగల్లేదు. అది ప్రేమ లేక అనే మాట కాదు, నమ్మకం ఉండి అనే మాట. ఈ సంగతి మీ కోడలికి కూడా తెలియాలి. అయితే మీరూ ఒకటి ఆలోచించండి. ఏడాది తిరిగాక మీరు ఇంట్లో పెట్టుకునే జ్ఞాపకార్థ కూడిక ఫలానా రోజున పెట్టుకోమని 66 పుస్తకాల్లో ఎక్కడా లేదు. లేదని మీరు మానుకోరు. అదీ మీ పెద్దలు అప్పగించిందే. పొద్దున ఆ అమ్మాయిని గుడికి వెళ్ళనివ్వండి. సాయంత్రం మీ కూడికలో ఆమెతోనే వాక్యం చదివించండి. లాజరు సమాధి దగ్గర ఏసు కన్నీళ్ళు పెట్టుకున్న ఘట్టం యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో ఉంది. అది ఆమె 73 పుస్తకాల్లోనూ ఉంది, మీ 66 పుస్తకాల్లోనూ ఉంది.

మిగతా పాఠకులు కూడా ఈ విషయం మీద తమకు తెలిసింది రాయండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.